ట్రాన్స్‌లేషనల్ పరిశోధన మూడో దారా, పాత పనికి పెట్టిన కొత్త పేరా?

అలిపిరి విద్యార్థి, తిరుపతి:
ఎం.ఏ. మనస్తత్వశాస్త్రం ప్రాజెక్టుకు అంశం ఎంచుకోవలసి వచ్చి అడుగుతున్నాను. చేసిన పనికి దొరికే ఫలితం ఆ పనిని ఎలా పెంచుతుందో, తగ్గిస్తుందో చూసే ప్రవర్తనా విశ్లేషణలో ప్రయోగాత్మక పరిశోధనకు 1958లోనూ, అనువర్తిత పరిశోధనకు 1968లోనూ వేరువేరు పత్రికలు వెలిశాయి. మొదటిది ప్రయోగశాలలో గింజల కోసం పావురం గోడకున్న బిళ్లను ముక్కుతో పొడిచే తీరులో సూత్రాన్ని వెతుకుతుంది; రెండోది బడిలోనో ఆసుపత్రిలోనో ఒక మనిషి ఇబ్బందిని తీర్చాలని చూస్తుంది. ఈ రెంటినీ కలుపుతామనే ట్రాన్స్‌లేషనల్ పరిశోధనకు సొంత పని ఏమైనా ఉందా?

ప్రత్యేక విద్య టీచరు, చిత్తూరు:
లేదనే నా అభిప్రాయం. అనువర్తిత పని సమాజానికి ముఖ్యమైన ప్రవర్తననే పట్టించుకోవాలనీ, వాడే పద్ధతి మూల సూత్రాలతో ముడిపడి ఉండాలనీ 1968లోనే బేర్, వుల్ఫ్, రిస్లీ అనే పరిశోధకులు షరతు పెట్టారు. వంతెన అప్పటికే ఉండగా ఇంకొకటి ఎందుకు? మా తరగతిలో ఏడేళ్ల బాబు పలక చేతికిస్తే చాలు, తల బల్లకేసి కొట్టుకునేవాడు. మేము కంగారుపడి పలక తీసేసుకునేవాళ్లం. 1982లో ఐవాటా బృందం చేసినట్టు, పని చెప్పినప్పుడు, మందలించినప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, ఆటలో ఉన్నప్పుడు నిపుణుల పర్యవేక్షణలో విడివిడిగా లెక్కపెడితే, పని తప్పించుకోవడానికే కొట్టుకుంటున్నాడని తేలింది. పసుపు చీటీ చూపిస్తే రెండు నిమిషాల విరామమని నేర్పాం. కొట్టుకోవడం బాగా తగ్గింది. ఇందులో పావురాలతో నాకు పని పడలేదు.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి:
దసరా సెలవుల తరువాత ఆ బాబు ఎలా ఉన్నాడో కూడా రాయండమ్మా.

ప్రత్యేక విద్య టీచరు:
మళ్లీ మొదలైంది సార్. అమ్మమ్మగారింట్లో చీటీని ఎవరూ పట్టించుకోలేదట. పెద్దవాళ్ల అశ్రద్ధ అనుకున్నాను.

విశ్రాంత అధ్యాపకుడు:
అశ్రద్ధ ఒక్కటే కాదు. పావురానికి ఒక బిళ్ల పొడిస్తే గింజలు పెట్టి, తరువాత దానికి ఆపి మరో బిళ్లకు పెట్టి, చివరకు రెంటికీ ఆపేస్తే, అది మళ్లీ మొదటి బిళ్లనే పొడుస్తుంది. మీ పసుపు చీటీ ఆ రెండో బిళ్ల. ఇంకా చిక్కైన సంగతిని 1990లో నెవిన్ బృందం పావురాల్లో చూపింది: ఒకే చోట మరో పనికి కూడా గింజలు దొరుకుతుంటే పాత పని తగ్గుతుంది గానీ, గింజలు ఆగిపోయాక మరింత మొండిగా నిలుస్తుంది. 2010లో మేస్ బృందం ఈ మొండితనం పిల్లల్లోనూ ఉందని చూపి, విరుగుడును ఎలుకల మీద పరీక్షించి, తిరిగి పిల్లల దగ్గరికి తెచ్చింది. కొత్త పనిని పాత అలవాటుకు సంబంధం లేని చోట ముందు నేర్పడమే ఆ విరుగుడు. బడిలో పుట్టిన ప్రశ్న ప్రయోగశాలకు వెళ్లి జవాబుతో తిరిగి రావాలి. ట్రాన్స్‌లేషనల్ అనే మాటకు నేను ఒప్పుకునే అర్థం అదొక్కటే. కాలేజీ పిల్లల చేత మౌసు నొక్కించి, బడి ముఖం చూడకుండానే ఆ పేరు తగిలించుకునే వ్యాసాల విషయంలో మాత్రం మీ సందేహం న్యాయమైనదే.

ప్రత్యేక విద్య టీచరు:
పేరు సంగతి ఇంకా ఒప్పుకోను గానీ, వేరే చోట నేర్పడమనేది నాకు తట్టలేదు. విద్యార్థిగారూ, సంక్రాంతి సెలవులకు ముందే చిత్తూరు రండి. చీటీని ఈసారి పక్క గదిలో, వేరే ఆయాతో నేర్పిస్తాం. సెలవులకు ముందూ తరువాతా లెక్క మీరు రాసుకోండి.