అప్‌డేట్: లెన్స్ బదులు పాత ఛార్జర్ పంపిన కేసు, డబ్బు తిరిగొచ్చింది

ఆన్‌లైన్‌లో కెమెరా లెన్స్ కొంటే డబ్బాలో పాత ఛార్జర్ వచ్చిందని, అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదని ఇంతకుముందు అడిగాను. నిన్న డబ్బు మొత్తం కార్డులోకి వచ్చేసింది. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

పనిచేసింది బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ (కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమనే ఫిర్యాదు) పెట్టమన్న సలహానే. కారణం దగ్గర ‘వస్తువు రాలేదు’ అని కాకుండా ‘చెప్పిన వస్తువు కాదు’ అని పెట్టాను. డెలివరీ అయినట్టు రికార్డు ఉంది కదా, మొదటిది పెడితే అక్కడే కొట్టేసేవాళ్లేమో. గట్టి ఆధారం మాత్రం పార్సిల్ లేబుల్. దాని మీద బరువు 180 గ్రాములు, అమ్మకం పేజీలో లెన్స్ బరువు 610. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పంపాను. చిరాకులో ఆ డబ్బా పారేయబోయాను కూడా!

విప్పేటప్పుడు వీడియో తీయలేదని పడ్డ టెన్షన్ అనవసరం, బ్యాంకు అసలు అడగలేదు. మధ్యలో అమ్మినవాడు సగం ఇస్తాను, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాడు. తీసుకోలేదు.