విశాఖ పాత నగరాన్ని తెలిసినవారి వెంట నడిచి చూడడం ఎలా?

విశాఖపట్నం పాత నగరంలో వలస పాలన నాటి ఆనవాళ్లను తెలుగులో వివరిస్తూ, వెంట నడిపించి చూపేవారు ఎవరైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు. మా నాన్నగారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. హైదరాలీతో యుద్ధానికి ఓడెక్కి మద్రాసు వెళ్లమంటే 1780లో ఇక్కడి సిపాయిలు తిరగబడిన సంగతి, 1804లో ఈ తీరంలోనే ఫ్రెంచి, ఆంగ్లేయ నౌకలు తలపడిన సంగతి, 1933లో ఓడరేవు ప్రారంభం కాకముందు ఊరు ఉన్న తీరు, ఇవన్నీ ఆయా చోట్లనే నిలబడి వినాలన్నది ఆయన చిరకాల కోరిక.

ఇటీవల ఒక బృందంతో వెళ్లాము. పాత యూరోపియన్ శ్మశానవాటికలో నాన్నగారు ఒక సమాధి ఫలకంపై నాచును కండువా అంచుతో తుడిచి, అక్షరాలు కూడబలుక్కుంటుండగానే బయట బస్సు హారన్ మోగింది. ఆయన మారు మాట్లాడకుండా వచ్చి ఎక్కారు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

ఆయనకు మోకాళ్ల నొప్పులున్నాయి కాబట్టి రాస్ హిల్ చర్చి దాకా వాహనం వెళుతుందా, కురుపాం మార్కెట్, విక్టోరియా విగ్రహం, టౌన్ హాలు ఒక్క ఉదయంలో నిదానంగా చూడగలమా, భీమిలిలోని డచ్చివారి సమాధులకు వేరొక రోజు కేటాయించడం మంచిదా అన్నది అనుభవం ఉన్నవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.