"బల్ల మీద పెడతాం" అంటే ఏటి? మా బావ జీతం సంగతి లోక్‌సభలో అడిగిస్తే వచ్చిన జవాబు ఇది

పర్లాకిమిడి కుర్రోడు:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు. మా బావ, అంటే అక్క మొగుడు, వెల్డింగ్ పని మీద సౌదీ ఎల్లి మూడో ఏడు నడుస్తోంది, ఇప్పటికి ఏడు నెలలై కంపెనీ వాడు జీతం ఇవ్వట్లేదు, ఇకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్ కార్డు, అది కూడా రెన్యువల్ చేయించలేదు, దాంతో క్యాంపు దాటి బయటకి ఎల్తే పోలీసులు పట్టుకుంటారని రూములోనే కూర్చుంటున్నాడు. అక్క రోజూ రాత్రి ఫోన్ పెట్టీగానే వంటింట్లోకి ఎల్లి తలుపేసుకుంటాది.

తెలిసినాయన ఒకరు ఒక ఎంపీ గారి ఆఫీసుకి తీసుకెళ్ళారు. వాళ్ళు బాగానే విన్నారు, ఒడిశా నుంచి గల్ఫ్ ఎల్లినోళ్ళలో ఎంతమందికి జీతాలు ఆగిపోయాయి, ఏటి చేస్తున్నారు అని లోక్‌సభలో ప్రశ్న వేయించారు. నిన్న జవాబు జిరాక్స్ చేతికిచ్చారు. ప్రశ్న ఏ, బీ, సీ, డీ అని నాలుగు ముక్కలుగా అర పేజీ ఉంది. కింద జవాబేమో నాలిగింటికీ కలిపి ఒకే ముక్క, సమాచారం సేకరిస్తున్నాం, సభ బల్ల మీద పెడతాం అని. మా బావ పేరు లేదు, కంపెనీ పేరు లేదు. అక్కకి ఏటని చెప్పాలో తెలీక ఆ కాగితం ఇంకా బ్యాగులోనే ఉంచీసాను. ఇది మమ్మల్ని వదిలించుకోడానికి రాసిన మాటా, లేక దీనికేమైనా విలువ ఉందా? తెలిసినోళ్ళు చెప్పండి.

బరంపురం పెద్దాయన:

బాబూ, నేను ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖ పార్లమెంటు సెక్షన్‌లో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరై ఇప్పుడు బరంపురంలో ఉంటున్నాను. ఆ కాగితం పారేయకు, జాగ్రత్తగా దాచు.

సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు పెడతాం అని మంత్రి జవాబిస్తే అది హామీ కిందకి వస్తుంది. ఊరికే అన్న మాట కాదు, లెక్కలోకి ఎక్కుతుంది. ఆ తేదీ నుంచి మూడు నెలల్లో శాఖ ఆ సమాచారం తెచ్చి సభకి ఇవ్వాలి, కుదరకపోతే గడువు పెంచమని ప్రభుత్వ హామీల కమిటీని అడగాలి. ఆ కమిటీ శాఖ అధికారుల్ని పిలిచి ఎందుకు ఆలస్యమైందో చెప్పమంటుంది. మా సెక్షన్‌లో పెండింగ్ హామీలకి రిజిస్టరు ఉండేది, నెలనెలా పై ఆఫీసరు దాన్ని తెరిచి ఒక్కో లైను మీద వేలు పెట్టి ఇదేమైంది అదేమైంది అని అడిగేవారు, జవాబు చెప్పలేకపోతే ఆ రోజు మాకు భోజనం సహించేది కాదు. కాబట్టి జవాబిచ్చిన తేదీ, ప్రశ్న నంబరు రాసి పెట్టుకుని మూడు నెలలు నిండగానే ఎంపీ గారి ఆఫీసుకి వెళ్ళి గుర్తు చెయ్యి. మనవైపు నుంచి ఎవరూ అడగరనే ధైర్యంతోనే చాలా హామీలు గడువు మీద గడువు తెచ్చుకుంటాయి.

రెండో సంగతి. ప్రశ్నలో మీ బావ పేరు లేకపోవడం తప్పు కాదు. ప్రశ్న అనేది ప్రభుత్వం ఏం చేస్తోందో, లెక్క ఎంతో అడగడానికి. ఒక మనిషి కష్టానికి దారి ఉత్తరం. ఎంపీ గారు లెటర్‌హెడ్ మీద నేరుగా మంత్రికి రాస్తే దానికి 15 రోజుల్లో అందిందని చెప్పాలి, ఆ తర్వాత ఇంకో 15 రోజుల్లో జవాబివ్వాలి, ఇది ఆఫీసులకి ఉన్న రూలే. ప్రశ్నకి జవాబు రాసే సీటు వేరు, మనిషి ఫిర్యాదు చూసే సీటు వేరు. మీరు మొదటి తలుపు కొట్టారు, రెండోది ఇంకా కొట్టలేదు.

ధర్మాబాద్ అన్న:

తమ్మీ, మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్, మా దిక్కు కూడా ఇంటికొకడు గల్ఫ్ పోయినోడే. మా తమ్ముడు గిట్లనే ఇరుక్కున్నప్పుడు మేం చేసిన తప్పు చెప్త, మీరు చెయ్యకుండ్రి. ఎయిర్‌పోర్టుల ముద్ర కొట్టేది ఇమ్మిగ్రేషనోళ్ళు కదా అని మేం హోం శాఖకే ప్రశ్న రాయించినం. అది ఆ శాఖది కాదట, వేరే శాఖకి పంపిన్రు, గంతల సమావేశాలు అయిపోయినయ్. నెలలకు నెలలు ఉత్తగనే పాయె.

ఇంకోటి, మావోడు విజిట్ వీసా మీద పోయిండు, ఏజెంటు మాట నమ్మి. అసొంటోళ్ళు ఏ లెక్కలనూ కనవడరు. మీ బావ ఎట్ల పోయిండు, పని కోసం బయటి దేశం పోనీకి సర్కారు ఇచ్చే క్లియరెన్స్ ఉన్నదా? పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే పోయే ముందు ఆ క్లియరెన్స్ తీసుకోవాలె అని, ఉన్నదా? ముందుగాల గది చూడుండ్రి. బయటి దేశాల ఇరుక్కున్నోళ్ళ కోసం విదేశాంగ శాఖ పెట్టిన మదద్ పోర్టల్‌ల ఫిర్యాదు ఎయ్యుండ్రి, పాస్‌పోర్ట్ నంబరు, ఇకామా నంబరు, కంపెనీ పేరు, క్యాంపు ఎక్కడున్నదో అన్నీ రాయాలె. ఆ ఫిర్యాదు నంబరు ఎంపీ ఉత్తరంల పెట్టిస్తే ఢిల్లీల ఎతుక్కునే పని ఉండది. మా తమ్ముడు వాపస్ వచ్చిండు, పైసలు సగమే వచ్చినయ్ గానీ మనిషి వచ్చిండు.

బరంపురం పెద్దాయన:

ధర్మాబాద్ బాబు చెప్పింది చాలా ముఖ్యం. ఎయిర్‌పోర్టులో కౌంటర్ల దగ్గర ఉండేది బ్యూరో ఆఫ్ ఇమ్మిగ్రేషన్, అది హోం శాఖ కింద. విదేశీయుల రాకపోకల కోసం 2025లో పార్లమెంటు పాస్ చేసిన కొత్త చట్టం కూడా హోం శాఖదే. మన కూలీలు బయటి దేశం వెళ్ళడం మాత్రం 1983 ఎమిగ్రేషన్ చట్టం కిందకి వస్తుంది, అది విదేశాంగ శాఖ చేతిలో ఉంది. ప్రశ్నలకి జవాబిచ్చే వాళ్ళ వంతు లోక్‌సభలో శుక్రవారం, రాజ్యసభలో గురువారం. వేరే శాఖకి రాస్తే ప్రశ్న చేతులు మారేసరికి వారాలు పోతాయి, ఎందుకంటే ప్రశ్న నోటీసు ముందే, కనీసం 15 రోజుల వ్యవధి ఉండేలా ఇవ్వాలి.

ప్రశ్న రాసే పద్ధతి కూడా ఉంది, ఇది మాత్రం బాగా గుర్తు పెట్టుకో. సెక్షన్‌లో కూర్చున్నవాడు ప్రశ్న రాగానే ముందు చూసేది ఈ లెక్క నా దగ్గర ఉందా లేదా అని. రాయబార కార్యాలయాలన్నిట్నుంచి తెప్పించాల్సిన లెక్క అడిగావా, సేకరిస్తున్నాం అనే జవాబే వస్తుంది, అక్కడ ఫిర్యాదులు జిల్లాల వారీగా విడగొట్టి ఉండవు. క్లియరెన్సులిచ్చే విదేశాంగ శాఖ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో క్లియరెన్స్ తీసుకుని వెళ్ళినవాళ్ళ లెక్క రాష్ట్రాల వారీగా కంప్యూటర్లో ఉంటుంది, ఏజెంట్ల మీద వచ్చిన ఫిర్యాదులూ శాఖ దగ్గరే ఉంటాయి. అవి అడిగితే తప్పించుకునే వీలు తక్కువ.

వీలుంటే వచ్చే సమావేశాల్లో స్టార్ ప్రశ్న వేయమను. రోజుకి 20 మాత్రమే, లాటరీలో రావాలి, కానీ వచ్చిందంటే మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. ఆ ముందు రాత్రి సెక్షన్‌లో ఎవరూ ఇంటికి వెళ్ళరు, ఎవరేం అడుగుతారో ఊహించి మంత్రి గారికి ఫోల్డరు తయారు చేస్తారు, పొద్దున్న అధికారుల గ్యాలరీలో కూర్చుని చీటీలు పంపిస్తారు. ఒక ఊళ్ళో వెల్డర్ జీతం గురించి ఢిల్లీలో అంతమంది తలలు పట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

రాయగడ టీచరమ్మ:

తమ్ముడూ, అక్క బ్యాంకు పాస్‌బుక్‌లో జీతం ఆగిన నెల నుంచి ఎంట్రీలు ఫోటో తీసి ఫిర్యాదుకి జత చెయ్యి. బావ దగ్గర అగ్రిమెంటు కాగితం ఉంటే వాట్సాప్‌లో పెట్టించుకో. ఆ ఏజెంటు రిజిస్టర్ అయినవాడేనా కూడా చూడండి, వాళ్ళు 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. ఎక్కువ కట్టి ఉంటే ఆ రసీదు కూడా పనికొస్తుంది. ఇంకా, అక్కతో అసలు విషయం చెప్పెయ్యి. కాగితం దాచితే ఆవిడ ఇంకా ఘోరంగా ఊహించుకుంటుంది.

పర్లాకిమిడి కుర్రోడు:

అందరికీ చేతులెత్తి దండం. బావ పాస్‌పోర్ట్ ఫోటో చూసాను, ఈసీఆరే, క్లియరెన్స్ కాగితం కూడా దొరికింది, అక్క బీరువాలో చీర మడతల్లో పెట్టి ఉంచింది. మదద్‌లో రాత్రే ఫిర్యాదు పెట్టీసాను, నంబరు వచ్చింది. సోమవారం ఎంపీ గారి ఆఫీసుకి ఉత్తరం కోసం ఎల్తాను. జవాబు కాగితం అక్కకి చూపించాను, పెద్దాయన గారు చెప్పిందంతా చదివి వినిపించాను. క్యాలెండర్ తీసి మూడు నెలలు లెక్కెట్టి ఆ తేదీకి పెన్నుతో సున్నా చుట్టింది.