తుపాను గాలికి లేచిపోకుండా బడి వంటషెడ్డు రేకులను ఎలా బిగించాలి?

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో సముద్రానికి దగ్గరి పల్లె. నేను బడి తల్లిదండ్రుల కమిటీ సభ్యుడిని. 2018 అక్టోబరులో పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఇక్కడి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తీరు చూసినవాడిని కనుక, మధ్యాహ్న భోజనం వండే రేకుల షెడ్డు గురించి నాకు చాలా ఆందోళనగా ఉంది. రేకులను పట్టి ఉంచే జె-బోల్టులు ఉప్పుగాలికి తుప్పు పట్టి, చేత్తో తాకితేనే పొడి రాలుతోంది. గాలి రేకును పైకి లేపే బలం చూరు అంచుల్లో, మూలల్లో ఎక్కువ కాబట్టి, అక్కడ కొత్త బోల్టులు దగ్గరదగ్గరగా వేస్తే సరిపోతుందా, లేక దూలాలను కూడా గోడపై కాంక్రీటు బెల్టుకు ఇనుప పట్టీలతో బిగించాలా? జింకుపూత బోల్టులు తీరప్రాంతంలో ఎన్నేళ్లు నిలుస్తాయో, వాడిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు. వర్షాకాలం ముగిసేలోగా, అక్టోబరు తుపానులకు ముందే ఈ పని పూర్తి చేయాలని మా ప్రయత్నం.