ఆర్‌ఈసీ వరంగల్‌ల (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్‌ఐటీ) చదివిన మా బాపు డిగ్రీ మీద కాకతీయ యూనివర్సిటీ అని ఎందుకుంది?

బాపు 1980లల్ల ఆర్‌ఈసీల సివిల్ చేసిండు, ఇప్పుడు ఒక ఫామ్ నింపుదామని సర్టిఫికెట్ తీస్తే పైన పెద్దగా కాకతీయ యూనివర్సిటీ (కేయూ) అని, కింద వీసీ సంతకం ఉంది, ఎన్‌ఐటీ అని ఎక్కడ లేదు. యూనివర్సిటీ కాలమ్‌ల ఏం రాయాలె? అసలు ఆర్‌ఈసీ కేయూ కాలేజీయేనా?

రిప్లై 1:
కాకతీయ అనే రాయి తమ్మీ, కాలేజీ కాలమ్‌ల ఆర్‌ఈసీ అని రాసి పక్కన ఇప్పటి ఎన్‌ఐటీ అని పెట్టు. ఆర్‌ఈసీకి సొంతంగ డిగ్రీ ఇచ్చే అధికారం లేకుండె. కాలేజీకి 1959 అక్టోబర్ 10న నెహ్రూ పునాదిరాయి ఏసిండు, దేశంల మొదటి ఆర్‌ఈసీ మనదే, అప్పటికి కేయూ లేనే లేదు. కేయూ వచ్చింది 1976 ఆగస్టుల, అంతకుముందు ఇక్కడ ఉన్నది ఉస్మానియా వాళ్ల పీజీ సెంటర్. కేయూ వచ్చినంక ఆర్‌ఈసీ దానికింద అఫిలియేట్ అయింది. అట్లని కేయూ నడిపిన కాలేజీ కాదు, దానికి వేరే సొసైటీ ఉండె, బీటెక్ రోజువారీ ఖర్చు కేంద్రం, రాష్ట్రం చెరిసగం పెట్టుకునేది, సీట్లల్ల సగం మనోళ్లకు, సగం వేరే రాష్ట్రాలోళ్లకు. అందుకే కేరళ, బీహార్ నుంచి కాజీపేటల రైలు దిగిన పిల్లలు గూడ కాకతీయ డిగ్రీతోనే ఇంటికి పోయిండ్రు, ఈ ముచ్చట మన జిల్లాలనే చానమందికి తెల్వదు, నాకైతే కేయూ చరిత్రల ఇది పెద్ద పేజీ అనిపిస్తది.

రిప్లై 2:
పై అన్న చెప్పింది కరెక్ట్. 2002ల ఎన్‌ఐటీ అయి డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చినంకనే సొంత డిగ్రీలు, 2007ల పార్లమెంటు చట్టం గూడ వచ్చింది. బాపు సర్టిఫికెట్‌కు డూప్లికేట్ కావాల్నంటే ఎన్‌ఐటీ గేటు కాడికి పోకుండ్రి, విద్యారణ్యపురిల కేయూ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌కు పోవాలె.

రిప్లై 3:
మాది కొత్తగూడెం, మా స్కూల్ ఆఫ్ మైన్స్ ముచ్చట ఇంకో తీరు. సింగరేణి గనుల నడుమ పెట్టిన కాలేజీ, మొదట ఉస్మానియా కింద, తర్వాత కేయూ కింద, అదైతే నిజంగ యూనివర్సిటీ సొంత కాలేజీయే. 2025ల దాన్నే మన్మోహన్ సింగ్ పేరు మీద ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ చేసిండ్రు. మైనింగ్ చదివిన మా సీనియర్ల మెమోలల్ల గూడ ఒక్కో కాలానికి ఒక్కో యూనివర్సిటీ పేరుంటది, హెచ్‌ఆర్ వాళ్లు అడిగితే పాస్ అయిన సంవత్సరం చెప్పుండ్రి, అర్థమైతది.

పోస్ట్ పెట్టినాయన:
థాంక్స్ అన్నా, కాకతీయ అనే నింపిన. బాపుకు చదివి వినిపిస్తే పరీక్షల హాల్‌టికెట్ గూడ కేయూదే వచ్చేదని ఇప్పుడు చెప్తుండు.