చర్చి ‘నేవ్’, మన నావ

ఇంగ్లండు పాత చర్చిల మీద వ్యాసం అనువదిస్తూ ‘నేవ్’ను తెలుగులో ఏమనాలని నిన్న ఒకరు అడిగారు. చర్చిలో జనం కూర్చునే పొడవాటి నడిమి భాగం అది. ‘మండపం’ అని చాలామంది సూచించారు. నా ఓటు ‘నావ’కు.

‘నేవ్’ అనే మాట లాటిన్ ‘నావిస్’ నుంచి వచ్చింది. ఓడ అని అర్థం. సంస్కృత ‘నౌ’, దాన్నుంచి మనకు వచ్చిన ‘నావ’ దానికి చుట్టాలే. జర్మన్లయితే ఓడనూ చర్చిలోని ఈ భాగాన్నీ ఒకే మాటతో ‘షిఫ్’ అంటారు.

ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని బోస్టన్ ఊళ్లో సెయింట్ బొటోల్ఫ్ చర్చి ఉంది. 1309లో మొదలుపెట్టారు. ఉన్ని వ్యాపారంతో బలిసిన రేవు అది. చుట్టూ చదునైన చిత్తడి నేల, పక్కనే విథమ్ నది. సుమారు 81 మీటర్ల గోపురం 16వ శతాబ్దం మొదట్లో గానీ పూర్తి కాలేదు. ఊరివాళ్లు దాన్ని ‘స్టంప్’ అంటారు, అంటే మోడు. సముద్రంలోని నావికులకు అదే ఆనవాలు. అలాంటి చోట జనం కూర్చునే భాగానికి ఓడ పేరు ఎంత అందంగా అమరిందో! ఇక్కడ వికారుగా, అంటే చర్చి గురువుగా, ఉన్న జాన్ కాటన్ 1633లో నిజంగానే ఓడెక్కి అమెరికా బోస్టన్‌కు వెళ్లిపోయాడు.

ఇంకో సంగతి. బండిచక్రం కుండను, అంటే ఆకులు వచ్చి చేరే నడిమి దిమ్మెను, కూడా ఇంగ్లీషులో ‘నేవ్’ అంటారు. అది వేరే మాట, దాని చుట్టం మన ‘నాభి’. రెంటినీ కలిపేయకండి.

వ్యాఖ్య: నావ అంటే పాఠకుడు పడవ అనుకోడా అండీ? స్తంభాలున్నాయి, కప్పు ఉంది, మండపం అంటే పోలా?

జవాబు: అర్థమవుతుంది, కాదనను. మొదటిసారి ‘నావ అనే నడిమి మండపం’ అని రాసి, తర్వాత ‘నావ’ అని వాడితే సరి. మండపం ఒక్కటే వాడితే ఆ ఓడ మునిగిపోతుంది, నా బాధ అదే. ఇక నేవ్ అవతల పూజాపీఠం వైపు భాగం ‘ఛాన్సెల్’. బోస్టన్‌లో 1390 నాటి చెక్కపీటల అడుగున చెక్కిన బొమ్మలు ఉన్నది అక్కడే. ‘ఛాన్సెల్’ అనే మాట లాటిన్‌లో కటకటాలనే మాట నుంచి పుట్టింది, ఆ భాగాన్ని జనం నుంచి వేరుచేసే అడ్డు అవే గనుక. న్యాయస్థానం కటకటాల దగ్గర ఉండే ఉద్యోగి పేరే తర్వాత ‘ఛాన్సలర్’ అయింది. మరి ఛాన్సెల్‌కు మన గుడి ‘అంతరాళం’, అంటే గర్భగుడికీ మండపానికీ నడుమ ఉండే భాగం, సరిపోతుందా? శిల్పశాస్త్రం తెలిసినవారు చెప్పండి.