మొరం తవ్విన గుంతలో మొక్కలు బతకట్లేదు, ఏం చేయాలి?

చెలక మనిషి:
మాది జనగామ దగ్గర పల్లె. నాన్న ఉన్నప్పుడు 2 ఎకరాల చెలక రోడ్డు పనికి మొరం కోసం ఇచ్చాడు. పైమట్టితో సహా తోలుకుపోయారు. ఇప్పుడక్కడ 12 అడుగుల గుంత. పోయిన వానాకాలం 60 వేప, కానుగ మొక్కలు పెట్టాను. ఎండాకాలం దాటినవి 7. గడ్డపార వేస్తే ఠంగుమంటుంది. జామాయిల్ వేసెయ్ అంటున్నారు ఊళ్లో. నాకేమో చిన్నప్పటిలా పిట్టలు తిరగాలని ఉంది.

బొగ్గుబాయి రిటైర్డ్:
తమ్ముడూ, తప్పు మొక్కలది కాదు. నీ గుంతలో ఉన్నది అసలు మట్టే కాదు. గడ్డి విత్తనాలు, ఎర్రలు, వేళ్లకు తోడుండే బూజు, అన్నీ పైన జానెడు మట్టిలోనే ఉంటాయి. అది లారీలో పోయింది.

నేను చాన్నాళ్లు బొగ్గుబాయి దగ్గర తవ్విపోసిన మట్టి గుట్టల మీద మొక్కలు పెట్టించాను. మొదట్లో సుబాబుల్ వేశాం. రెండేళ్లకే పచ్చగా అయింది, ఫొటోలకు బాగుంది. వంగి చూస్తే కింద సుబాబుల్ పిల్లలు తప్ప ఇంకో మొలక లేదు! అందుకే తొందరగా పచ్చబడుతుందని జామాయిల్ వేసే మాట వదిలెయ్.

ఈ సంవత్సరం చెట్ల జోలికి పోకు. నేల పగలగొట్టించి, తొలకరికి వెంపలి, జనుము చల్లు. వెంపలి మొక్క పీకి చూడు, వేళ్లకు బుడిపెలుంటాయి. గాలిలోని నత్రజనిని పట్టేది అక్కడే. వచ్చే సంవత్సరం తంగేడు, మోదుగ, రేల, రేగు పెట్టు. ఒక్కో మొక్క గుంతకు రెండు తట్టల చొప్పున పక్క చెలక గట్టు మట్టి వెయ్, ఆ బూజు దాంతోనే వస్తుంది.

గురుగ్రామ్ తెలుగోడు:
ఇక్కడి ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఒకప్పుడు రాతి గనులే. సుమారు 390 ఎకరాలు. 2010 నుంచి సర్కారు తుమ్మను తగ్గిస్తూ ఆ కొండల చెట్లే పెంచారు. మన అడవుల్లో ఉండే అందుగు కూడా ఉంది అందులో. నర్సరీలో దొరికిందల్లా కాకుండా, మీ పక్క గుట్ట మీద ఏముందో ముందు చూడండి.

పిట్టల పిచ్చి:
గుంత గోడలన్నీ చదును చేయకండి అన్నా. లకుముకి పిట్ట నిటారు మట్టిగోడలోనే బొక్క చేసుకుని గుడ్లు పెడుతుంది. ఒకవైపు మాత్రం వాలుగా చెక్కించండి, పడిన గొడ్డు ఎక్కి రావాలి కదా. నిటారు గోడ పైన ముళ్లకంప వేయండి, పిల్లలు అంచుకు పోకుండా.

చెలక మనిషి:
తూర్పు గోడ కూల్చడానికి రేపటికి జేసీబీ మాట్లాడాను! ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. పైన ఎర్రమట్టి పొరలో మూడు బొక్కలున్నాయి, ఒకదాని కింద తెల్లగా రెట్ట చారలు. జేసీబీ అతనికి పడమటి వైపే చెక్కమని చెప్పాను. వెంపలి విత్తనం జనగామలో ఎక్కడ దొరుకుతుంది?

బొగ్గుబాయి రిటైర్డ్:
కొనకు. దారి పక్కనే ఉంటుంది, కాయలు ఎండాక దూసుకో.